ఎవడో ఒకడైతే చాలా?

మేము మైలవరం సాయిబులం. ఊళ్లో మాకు పేర్లున్నాయి, పనులున్నాయి, అప్పులున్నాయి. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు మాత్రం మాకు ఒకటే పేరు మిగులుతుంది. చెడ్డవాడెవడో ముందే తెలిసిపోయినవాళ్లకి సాక్ష్యంతో పనేముంది?

2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో బాంబుకి 9 మంది పోయారు. ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో మరో 5గురు. చచ్చిందీ మావాళ్లే, పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టిందీ మా కుర్రాళ్లనే. నేరం రుజువు కాలేదు. తర్వాత ప్రభుత్వమే మంచి నడవడి సర్టిఫికెట్లూ నష్టపరిహారమూ ఇచ్చింది. 2013లో ఆ పరిహారాన్ని హైకోర్టు కొట్టేసింది. మంచివాడినని కాగితం చూపించుకుని బతికే ఖర్మ ఇంకెవరికుంది?

ఉంది. మా పక్కనే ఉంది.

అదే ఏడాది డిసెంబరు 27న, మేము బెజవాడ వెళ్లే దారిలో ఉన్న ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న ఆయేషా మీరాను చంపేశారు. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ పక్క అనాసాగరం నుంచి సత్యంబాబు అనే దళిత కుర్రాణ్ణి తెచ్చి, వీడే అన్నారు. 2010లో బెజవాడ కోర్టు యావజ్జీవం వేసింది. మా కోపానికి ఒక ముఖం దొరికింది. కాని ఆయేషా అమ్మీ, అబ్బా ఆ ముఖాన్ని ఒప్పుకోలేదు. మా బిడ్డను చంపింది ఇతను కాదన్నారు. కడుపుకోతలోనూ తమకు తెలిసినదానికీ తమకు చెప్పినదానికీ తేడా చూశారు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లో పోయాయి. 2019లో సీబీఐ తెనాలి ఖబరస్తానులో ఆ పిల్ల సమాధిని మళ్లీ తవ్వింది. ఎవడో ఒకణ్ణి తెచ్చి చూపించినందుకు చచ్చిన పిల్లకి కూడా నిద్ర లేకపోయింది.

మక్కా మసీదు కేసులో అసీమానంద సహా ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న కోర్టు వదిలేసింది. అక్కడా మేము అడిగేది రుజువే. కాషాయం కట్టాడు కాబట్టి చాలు అనం. గడ్డం చూసి చాలన్నవాళ్ల చేతుల్లో నలిగినవాళ్లం.

ఈ మాట మా ఇంటికీ చెప్పుకోవాలి. దూదేకులవాళ్లకి ఉర్దూ రాదు, వాళ్లేం ముసల్మానులని మూతి తిప్పేవాళ్లు మాలోనే ఉన్నారు. ఉర్సుకి పోతే బిద్అత్, పీర్లెత్తితే కుఫ్ర్. నీయత్ అల్లాకే తెలుసంటారు, తీర్పు మాత్రం తామే చెప్పేస్తారు. గడ్డం ఉంటే దహ్షత్‌గర్ద్ అనే పోలీసుకీ, గడ్డం లేకపోతే ముసల్మాను కాదనే పెద్దమనిషికీ తేడా లాఠీ ఒక్కటే.

మంచీ చెడూ లేవని మేము అనడం లేదు. బాంబు పెట్టడం పాపం, ఆడపిల్లను చంపడం పాపం. అందులో అనుమానం లేదు. అనుమానం ఉండాల్సింది చేసిందెవడన్న దగ్గర. మా పేరు చూసో, అనాసాగరం పేట చూసో అక్కడ తీర్పు చెప్పకండి.

మాకు ఎవడో ఒకడు వద్దు. చేసినవాడే కావాలి.