ఉక్కు కర్మాగారంలో మిల్లీసెకను విలువ

1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మెను అందించిన జంషెడ్‌పూర్ టాటా స్టీల్ కర్మాగారం, 2021లో ప్రపంచ ఆర్థిక వేదిక ‘లైట్‌హౌస్’ జాబితాలో చేరింది. డిజిటల్ సాంకేతికతను ఉత్పత్తిలో సమర్థంగా వాడే కర్మాగారాలకు దక్కే గుర్తింపు ఇది. భారీ పరిశ్రమల్లో యంత్రాల నియంత్రణ వైర్‌లెస్ వైపు మళ్లుతున్న కొద్దీ, సందేశం సకాలంలో చేరుతుందా అన్నది భద్రతకు సంబంధించిన ప్రశ్నగా మారుతోంది.

దాదాపు 1,600 డిగ్రీల సెల్సియస్ వేడి గల ద్రవ ఉక్కును మోసే క్రేన్‌కు ‘ఆగు’ అనే ఆదేశం ఆలస్యమైతే కార్మికుల ప్రాణాలకే ముప్పు. అక్కడ సగటు వేగంతో ప్రయోజనం లేదు. అన్నిటికన్నా ఆలస్యంగా చేరిన సందేశమే కొలమానం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 5జీ ప్రమాణం ప్రకారం, కీలక వినియోగాల్లో 32 బైట్ల సందేశం లక్షకు 99,999 సార్లు ఒక్క మిల్లీసెకనులోపే రేడియో మార్గాన్ని దాటాలి.

సందేశం దెబ్బతింటే మళ్లీ పంపాలి. మళ్లీ పంపితే జాప్యం తప్పదు. అందుకే 5జీలో ప్రసార వ్యవధులను కుదించారు, ఒకే సందేశాన్ని రెండు మార్గాల్లో పంపే వీలు కల్పించారు. అయితే దూరాన్ని ఏ సాంకేతికతా కుదించలేదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే వెళ్తుంది. సర్వర్ కోల్‌కతాలో ఉంటే రానుపోను ప్రయాణానికే రెండు మిల్లీసెకన్లు దాటుతాయి. కాబట్టి అది కర్మాగారం ఆవరణలోనే ఉండాలి.

సంస్థల సొంత నెట్‌వర్క్‌లకు టెలికాం శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. ఇకపై ఇలాంటి ఒప్పందాల్లో వేగంతోపాటు గరిష్ఠ జాప్యాన్నీ నిర్దేశించాలి. సంకేతం తెగిన క్షణంలో యంత్రం తనంతట తానే ఆగే ఏర్పాటు తప్పనిసరి కావాలి.