కోలారు సైనైడు దిబ్బలు

కోలారు బంగారుగనుల పట్టణమున శతాబ్దకాలముగ ప్రోగుపడియున్న మట్టిదిబ్బలను మరల శోధించి, అందు మిగిలియున్న బంగారమును తీయవలెనను సంకల్పము బలపడుచున్నది. 13 దిబ్బలయందు ఈ పని జరుపుటకు కర్ణాటక మంత్రివర్గము 2024లో సమ్మతి తెలిపినది. దిబ్బలలోని పొడి 3 కోట్ల టన్నులకు పైబడునని అంచనా. టన్నుకు లభించు బంగారము ఒక గ్రాముకంటె తక్కువయే యైనను, నేటి ధరనుబట్టి చూడగా అది త్రోసిపుచ్చదగిన సొత్తు గాదు. తీయవలసినదే. అయితే ఆ దిబ్బల నీడను కాపురముండువారికి ఈ పనివలన కలుగబోవు లాభమేమి, నష్టమేమి యను ప్రశ్నకు సమాధానము ముందుగా రావలెనని మా యభిప్రాయము.

ఈ బంగారపు పుట్టుక మిక్కిలి పురాతనము. సుమారు 270 కోట్ల సంవత్సరములకు పూర్వము నీటి యడుగున పొంగిన లావా గట్టిపడి, పిమ్మట భూమి యొత్తిడికి నలిగి, ఉత్తరదక్షిణములుగ 80 కిలోమీటర్ల పొడవున సన్నని పట్టెవలె మిగిలినది. తరువాతి కాలమున లోతులనుండి వేడినీరు గంధకముతో జతగూడిన బంగారమును కరగించుకొని ఆ పట్టెయందలి పగుళ్లవెంట పైకెక్కినది. ఒత్తిడి తగ్గుటచేతను, చుట్టునున్న రాతిలోని ఇనుము గంధకమును లాగికొనుటచేతను బంగారము విడివడి తెల్లని పలుగురాతి చారలలో చిక్కుకొన్నది. రాష్ట్రముల యెల్లలు ఈ పట్టెకు తెలియవు. దాని దక్షిణపుకొస చిత్తూరుసీమలోని కుప్పము ప్రాంతమున చొచ్చి, బిసానత్తము, చిగురుగుంటల గనులకు ఆధారమైనది. కోలారు జిల్లాలో తెనుగు ఇంటిభాషగా గలవారెందరో తరతరములుగ నున్నారు. తమిళ కార్మికులతోపాటు మన చిత్తూరుసీమవారును ఆ గనులలోనికి దిగిరి. కావున ఇది పరాయివారి గొడవయని మనము తొలగిపోవుటకు వీలులేదు.

ఈ గనులను దొరలు కనుగొనిరని వ్రాయు వాడుక యొకటి కలదు. 1802లో మైసూరు తూర్పుపొలిమేరను కొలువవచ్చిన లెఫ్టినెంటు వారెన్ బంగారము చూపినవారికి బహుమానమని చాటగా, ఉరిగాము గ్రామస్థులు బండెడు మన్ను తెచ్చి, అతని యెదుటనే కడిగి, బంగారపు రవ్వలను చూపిరి. అంతకు ఎన్నో తరములకు ముందే అచటివారు మంటతో రాతిని కాల్చి పగులగొట్టుచు లోతుగా త్రవ్వియుండిరి. 1875లో లావెల్ అను ఐరిష్ సైనికుడు అనుమతిపత్రము పొందెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించిరి. వీరందరికి దారిజూపినవి ఆ పాతగుంటలే. తెలిసినవాడు బండి తోలుకొనిపోయెను, అడిగినవాడు ఘనికి యజమాని యయ్యెను!

ఆ తరువాతి కథ జగద్విదితము. 1902లో శివసముద్రమునుండి 147 కిలోమీటర్లు తీగెలు లాగి గనులకు విద్యుచ్ఛక్తి నిచ్చిరి. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించి లోతునకు దిగినది. అచట రాతి వేడిమి 65 డిగ్రీలు దాటును, పైనున్న బరువునకు రాయి తనంతట తానే ప్రేలును. ఆ రాతిప్రేలుళ్లలో పోయిన ప్రాణము లనేకములు. 120 సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము బయటికి వచ్చినది. తొలినాళ్లలో టన్ను రాతికి రెండుమూడు తులములు దొరకినచోట, కడపట నాలుగైదు గ్రాములు దొరకుటయు దుర్లభమయ్యెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి.

ఇక దిబ్బల సంగతి. ఒక తులము బంగారమునకై టన్నులకొద్ది రాతిని పిండిగా నలుగగొట్టవలెను. ఆ పిండిని సైనైడు ద్రావకముతో తడిపినచో బంగారము కరగును. దానిని జింకుతో తిరిగి రాబట్టుదురు. మిగిలిన పిండియంతయు బయట పోయుదురు. ఆ విధముగ నేర్పడినవే ఈ గుట్టలు. సైనైడు దిబ్బలను పేరు వినినంతనే జనులు విషమని బెదరుదురు గాని, సైనైడు ఎండకు గాలికి క్రమముగ విరిగిపోవు పదార్థము. చెడిపోనిది, ఎన్నేండ్లకైనను అట్లే యుండునది, ఆ మెత్తని రాతిపొడి. గాలికాలమున అది యిండ్లలోనికి, గిన్నెలలోనికి, ఊపిరితిత్తులలోనికి చేరును. రాతిపొడి పీల్చుటవలన కలుగు సిలికోసిసు వ్యాధి మన దేశమున తొలుత గుర్తింపబడిన తావులలో ఈ గనులొకటి. 1930 దశకముననే వైద్యులీ సంగతి తెలిపిరి. 2018లో ఈ గనుల పేర వచ్చిన చలనచిత్రమును చూచి చప్పట్లు చరచిన మన యువకులలో ఎందరికి ఈ సంగతి తెలియునో చెప్పజాలము.

గనిని మూయునపుడు నేలను చక్కబరచి, పనివారికి దారి చూపవలెనను మూసివేత ప్రణాళిక మన నిబంధనలలో 2003లో చేరినది. కోలారు అప్పటికి రెండేండ్ల ముందే మూతబడినది. ఆ లోపమునకు ఫలితముగ మూడువేలకు పైబడిన కార్మికుల కుటుంబములు దిక్కుతోచని స్థితిలో పడినవి. నేడు వారి బిడ్డలు తెల్లవారకముందే రైలెక్కి కూలికి, గుమాస్తాపనికి బెంగుళూరు పోయి రాత్రికి తిరిగివచ్చుచున్నారు.

దిబ్బలను కదలించుట యనగా, ఇన్నాళ్లు వానకు పెరుకుకట్టిన పొడిని మరల లేపుటయే. తడిపి త్రవ్వుట, నీటితో గొట్టములద్వారా సాగించుట, మిగిలినదానిని పాతసొరంగములలో నింపుట సాధ్యమైన పనులే. ఖర్చు ఎక్కువయని గుత్తదారు పొడిత్రవ్వకమునకు మొగ్గుచూపుటయు సహజమే. అందుచేత పద్ధతిని గుత్తపత్రమునందే నిర్ణయింపవలెను. గని యజమాని చెల్లింపవలసిన సొమ్ముతో జిల్లా ఖనిజనిధి నేర్పరచవలెనని 2015 నాటి చట్టసవరణ విధించుచున్నది. ఆ నిధినుండి ఈ పట్టణమునకు రావలసిన భాగ మెంతయో ఏలముపాటకు ముందే ప్రకటింపవలెను.

రాజధానియందలి మన ఇంజనీర్లు, న్యాయవాదులు, వైద్యులు ఆ గుత్తపత్రపు చిత్తును తెప్పించుకొని చదివి, అధికారులకు తమ అభ్యంతరములను వ్రాసి పంపుదురుగాక. ముఖ్యముగ వైద్యులు, మొదటి పార దిగకముందే దిబ్బల చుట్టునున్న ప్రతి యింటివారికి ఊపిరితిత్తుల ఎక్సురే తీయింపవలెనని పట్టుబట్టవలెను. ఆ చిత్తరువులు చేతనున్నగాని, రేపు వచ్చిన దగ్గు పాతగనిదో క్రొత్తపనిదో తేల్చుట యే న్యాయస్థానమునకును సాధ్యము గాదు.