మాల తీసిన మర్నాడు

స్త్రీల హక్కుల పత్రికలో మగవాళ్ల దుఃఖం మీద సంపాదకీయం ఎందుకని మిత్రులు కొందరు అడగొచ్చు. నోరు విప్పని ఆ దుఃఖం చివరకు పడేది ఇంట్లో ఆడవాళ్ల వీపు మీదే గనుక. అలాగని బాధ తాగుడికీ, తన్నడానికీ సాకు అవుతుందని మేం ఒప్పుకోం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాం.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు కల్తీ పురుగుమందుల గురించీ, వడ్డీ వ్యాపారుల గురించీ చర్చ జరిగింది. జరగవలసిందే. కానీ భర్త పోయి, అప్పులవాళ్లు గుమ్మం ముందు నిలబడితేగానీ అప్పు ఎంతో తెలియని భార్యల సంగతి ఎవరు మాట్లాడారు? ఏడిస్తే ఆడంగి అంటారనీ, అప్పు చెబితే చేతగానివాడంటారనీ మగవాడికి చిన్నప్పుడే నేర్పింది పితృస్వామ్యం. ఆడవాళ్లకు కష్టం చెప్పుకోడానికి పంపు దగ్గర ఇరుగుపొరుగయినా ఉంటారు. అతనికి బెల్టుషాపు ఉంది.

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ ఇల్లు ఎంత నెమ్మదిగా ఉంటుందో మన ఊళ్లలో స్త్రీలకు తెలుసు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మందు ముట్టడు, చెయ్యెత్తడు. సాయంత్రం పదిమందితో కూర్చుని గొంతెత్తి భజన చేస్తాడు, కళ్లనీళ్లు వచ్చినా ఎవరూ నవ్వరు. (పదేళ్ల నుంచి యాభై ఏళ్ల వరకూ స్త్రీలకు ప్రవేశం లేదన్న ఆ ఆచారాన్ని 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అలాంటి దీక్ష గురించి మంచిమాట రాయడం మాకూ ఇబ్బందే.) చర్చిలో సాక్ష్యం చెప్పే మగవాళ్లూ అంతే, తాగుడునీ భయాన్నీ అందరి ముందూ ఒప్పుకుంటారు. ఆ ఊరట నిజమైనదే. దేవుడి మీద నమ్మకంతోపాటు మాటకూ ఏడుపుకూ అనుమతి దొరకడం, వేళకు తిండీ నిద్రా, తోడు మనుషులూ అందులో ఉన్నాయి.

మాల తీసిన మర్నాడే మళ్లీ సీసా పట్టేవాళ్లనూ చూస్తున్నాం. ఆ 41 రోజుల తోడు మిగతా ఏడాదంతా ఎందుకు దొరకకూడదు? 1992-93లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల దగ్గర కూడిన స్త్రీలు తమ బాధ చెప్పుకుంటూనే సారా దుకాణాలు మూయించారు. పొదుపు సంఘంలో మన అప్పులు మనం బయటికే చెప్పుకుంటున్నాం. మగవాళ్లు అలాంటి చోటు తామే కట్టుకోవాలి. ఆ చాకిరీ కూడా మన నెత్తిన వేయవద్దు.

భక్తి మందుకు బదులు కాదు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. దిగులు జబ్బుకు మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. విశ్వాసం చాలకే జబ్బు వచ్చిందని రోగిని నిందించే గురుస్వామినైనా, పాస్టర్‌నైనా నిలదీయాలి.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఇరుముడి కట్టే చోట, చర్చి గోడ మీద, పంచాయతీ ఆఫీసు ముందు ఈ నంబరు రాయించండి. ఎవరైనా అడ్డుపడితే ఊరి పేరుతో సహా మాకు ఉత్తరం రాయండి.