చెడిన ఫోనులో చిక్కుబడిన దస్తావేజులు

ఏ అర్జీకైనా ప్రాణం దానికి జతపరచిన కాగితమే. గుమాస్తాగా ఉద్యోగ జీవితమంతా దస్త్రాల నడుమ గడిపిన నావంటి వానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎంత న్యాయమైన కోరికైనా ఆధారం లేనిదే బల్ల దాటదు. ఎంత బలహీనుడి మొరనైనా, ఆధారం ఉన్నప్పుడు తోసిపుచ్చడం అధికారికి కష్టమవుతుంది.

ఆ ఆధారాలు నిన్న మొన్నటి వరకు మన ఇళ్లలో ఇనుప పెట్టెల అడుగున, బీరువా అరలలో ఉండేవి. ఈనాడు అవి ఫోనులోకి చేరాయి. నికాహ్‌నామా, రేషను కార్డు, బీసీ-ఇ ధ్రువపత్రం, పిల్లల మార్కుల జాబితాలు, ఇంటి పన్ను రసీదులు, అద్దె ఒప్పందాలు, ఖబ్రస్తాన్ సరిహద్దుల నకళ్లు, అన్నిటికీ ఫొటోలు తీసుకొని, అసలు కాగితం ఎక్కడ పెట్టామో మరచిపోయే స్థితికి వచ్చాము. ఆ ఫోను నీళ్లలో పడినా, మస్జిద్ కమిటీ కంప్యూటరులోని హార్డ్ డిస్క్ మొరాయించినా, దస్త్రాల గది తగులబడినట్లే అవుతోంది.

మా ఖాజాగూడలో ఈ వైరుధ్యం ప్రతిరోజూ కళ్లెదుట కనిపిస్తుంది. రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వైపు లేచిన అద్దాల మేడలలో దేశదేశాల బ్యాంకుల, కంపెనీల సమాచారాన్ని కాపాడే ఉద్యోగులు ఉన్నారు. మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అన్నది వారి వృత్తిలో తొలి పాఠం. ఆ మేడలకు కాపలా కాసేవారి, క్యాబులు నడిపేవారి, వంటలు చేసేవారి ఇళ్లలో మాత్రం ఉన్నది ఒకే ప్రతి. అది జేబులో తిరుగుతూ ఉంటుంది.

ఇది కేవలం సాంకేతిక విషయమని తేలికగా తీసుకోవడానికి వీలులేదు. 2024 డిసెంబరు 31న ఖాజాగూడ–నానక్‌రామ్‌గూడ మార్గంలో చెరువు స్థలంలో ఉన్నవన్న కారణంతో హైడ్రా నిర్మాణాలను కూల్చివేసినప్పుడు, తమకు తగిన వ్యవధి ఇవ్వలేదని అక్కడి చిరు వ్యాపారులు మొరపెట్టుకున్నారు. ఆ చర్య మంచిచెడులను ఇక్కడ చర్చించబోను. గంటల వ్యవధిలో కాగితాలు చూపవలసిన పరిస్థితి మన గుమ్మం దాకా వచ్చిందన్నదే నేను చెప్పదలచుకున్నది. 2025 జూన్ 6న ప్రారంభమైన ‘ఉమీద్’ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఆరు నెలలు గడువిచ్చారు. ఆ గడువు తీరేనాటికి దేశం మొత్తం మీద 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలు కాగా, ఆమోదం పొందినవి 2 లక్షల 16 వేలు మాత్రమే. అదే ఏడాది బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు పుట్టుకకు, నివాసానికి రుజువుల కోసం పేదలు ఎంత తిరిగారో చూశాము. ఇటువంటి కాలంలో ఫోను చెడిపోవడమంటే హక్కుకు ఆధారం చెడిపోవడమే.

అందుచేత, పోయిన సమాచారాన్ని నిపుణులు ఎలా రాబడతారో, ఎక్కడ వారి చేయి కూడా ఆడదో ప్రతి కుటుంబమూ కొంతైనా తెలుసుకోవాలి.

ముందుగా, ‘డిలీట్’ అంటే ఏమిటి? మా కార్యాలయపు భాషలో చెప్పాలంటే, సూచిక రిజిస్టరులో ఒక దస్త్రం పేరును కొట్టివేయడం. దస్త్రం అరలోనే ఉంటుంది. ఆ అర ఖాళీ అని భావించి మరొక దస్త్రాన్ని అక్కడ పెట్టినప్పుడే మొదటిది నిజంగా పోతుంది. హార్డ్ డిస్క్‌లోను, చాలా మెమరీ కార్డులలోను, పెన్ డ్రైవ్‌లలోను జరిగేది ఇదే. కనుక పొరపాటున ఏదైనా చెరిగిపోతే వెంటనే ఆ సాధనాన్ని వాడడం ఆపివేయాలి. కొత్తగా తీసే ప్రతి ఫొటో పాతదాని స్థానాన్ని ఆక్రమించవచ్చు. పోయిన ఫైళ్లను రాబట్టే సాఫ్ట్‌వేరును ఆ డిస్క్‌లోనే ఎక్కించడం కూడా అటువంటి హానియే. కొత్త లాప్‌టాపులలో ఉండే ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. చెరిపిన భాగాలను అవి తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి గనుక అక్కడ ఆశ చాలా తక్కువ.

హార్డ్ డిస్క్ లోపల అద్దంవలె నునుపైన పళ్లెములు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిమీద చదివే సూది వంటి భాగాన్ని ‘హెడ్’ అంటారు. అది పళ్లెమును తాకకుండా, తల వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల ఎడంలో తేలుతూ ఉంటుంది. డిస్క్ కింద పడినప్పుడు ఆ హెడ్ దెబ్బతింటుంది. ‘టక్ టక్’ మన్న చప్పుడు దాని మూలుగు. ఆ స్థితిలో మళ్లీ మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తే, విరిగిన హెడ్ పళ్లెమును గీరివేస్తుంది. గీరిన చోట ఉన్న అక్షరాన్ని ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

నిపుణుడైనవాడు అటువంటి డిస్క్‌ను దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలో విప్పుతాడు. అదే నమూనాకు చెందిన మరొక డిస్క్ నుంచి మంచి హెడ్‌ను తీసి అమరుస్తాడు. అటు పిమ్మట ఫైళ్లను వెతకడు. మొదట మొత్తం డిస్క్‌కు అక్షరం పొల్లుపోకుండా నకలు తీస్తాడు. సులభంగా చదవగల భాగాలను ముందు, మొండికెత్తిన భాగాలను తరువాత చదివిస్తాడు. అసలును పక్కన పెట్టి, నకలు మీదనే వెతుకులాట సాగిస్తాడు. ఆ అసలు మీద మరేదీ రాయకుండా అడ్డుపడే పరికరాన్ని కూడా వాడతాడు. ‘అసలును ముట్టకు, నకలు మీద పనిచేయి’ అన్న ఈ సూత్రం పాత రికార్డు గదులకు కొత్తది కాదు.

ఈ విద్య ఎంతటి పని చేయగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగివస్తూ ఆకాశంలో ముక్కలైపోయింది. హర్యానాలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. శిథిలాలలో దొరికిన ఒక హార్డ్ డిస్క్ కాలి, కరిగి, గుర్తుపట్టలేనట్లు ఉంది. దాని పళ్లెములను శుభ్రం చేసి కొత్త పరికరంలో అమర్చి, నిపుణులు సుమారు 99 శాతం సమాచారాన్ని రాబట్టారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమైనాయి. ఆకాశం నుంచి పడిన డిస్క్ మాట్లాడింది. పై పెంకు కాలినా పళ్లెములు వంగకపోవడమే అందుకు ముఖ్య కారణం.

దీనికి విరుద్ధమైన సంగతి నేను దగ్గరగా చూశాను. ఒక మస్జిద్ కమిటీ కంప్యూటరులో ఏళ్లనాటి అద్దె లెక్కలు, ఖబ్రస్తాన్ పత్రాల నకళ్లు ఉన్నాయి. డిస్క్ చప్పుడు చేయడం మొదలుపెట్టగానే దగ్గరి దుకాణానికి పంపారు. అక్కడి కుర్రవాడు రెండు రోజులపాటు దానిని ఆన్ చేసి, ఆఫ్ చేసి, చివరికి మూత విప్పి చూశాడు. తరువాత నిపుణుని వద్దకు తీసుకుపోతే ఆయన పళ్లెము మీద వలయంగా పడిన గీతను చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆ కుర్రవానికి దురుద్దేశం లేదు. తెలియని పనికి ‘చూద్దాం’ అని చేయి పెట్టడమే అక్కడ జరిగిన నష్టం.

ఇక ఫోను సంగతి. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు టోలీచౌకిలోని నదీమ్ కాలనీ, ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ నీట మునిగాయి. ఆ వెంటనే గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మునిగింది. అటువంటి వేళ ఇళ్లలోని కాగితాలూ, వాటి ఫొటోలున్న ఫోన్లూ ఒకేసారి తడుస్తాయి. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టమనడం మన ఇళ్లలో పాతుకుపోయిన సలహా. బియ్యపు పొడి లోపలికి పోయి మరింత చెరుపు చేయవచ్చునని ఆపిల్ సంస్థ స్వయంగా హెచ్చరించింది. చేయవలసినది ఒక్కటే. ఫోనును ఆపివేయాలి, ఛార్జింగు పెట్టరాదు, ఆలస్యం చేయక నిపుణుని వద్దకు చేర్చాలి. మురికి నీటిలోని లవణాలకు కరెంటు తోడైతే లోపలి సన్నని తీగలను తినివేస్తుంది. వరదనీటిలో తడిసిన హార్డ్ డిస్క్‌ను కూడా ఎండలో ఆరబెట్టరాదు. ఎండిన బురద పళ్లెముకు అంటుకుపోతుంది. తడి ఆరకుండా సంచిలో మూసి తీసుకుపోవాలి.

ఫోను విషయంలో మరొక పరిమితి ఉంది. నేటి ఫోన్లలో సమాచారమంతా గూఢలిపిలో, అంటే ఎన్‌క్రిప్షన్‌లో ఉంటుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే కొత్త ఫోన్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. ఆ గూఢలిపికి తాళంచెవి ఆ ఫోను ప్రాసెసరుతోను, మీ లాక్ నంబరుతోను ముడిపడి ఉంటుంది. వెనుకటివలె మెమరీ చిప్పును పెరికి మరొక యంత్రంలో చదివితే అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. కనుక నిపుణుడు చేయగలిగినది ఆ ఫోను బోర్డునే శుభ్రపరచి, చెడిన భాగాలను మార్చి, కొద్దిసేపైనా దానిని బ్రతికించడం. బ్రతికిన ఆ కాసేపట్లో లాక్ నంబరుతో తెరిచి సమాచారాన్ని బయటికి తీసుకోవాలి. ‘ఏ ఫోను నుంచైనా అన్నీ తీస్తాము’ అని ముందే హామీ ఇచ్చే దుకాణాన్ని అనుమానించడం మంచిది.

లాక్ నంబరు ఇవ్వడమంటే ఇంటి తాళం ఇవ్వడమే. మన ఆడపిల్లల ఫొటోలు, కుటుంబ సంభాషణలు, బ్యాంకు సందేశాలు అన్నీ అందులో ఉంటాయి. సంకోచం వలన కొందరు స్త్రీలు చెడిన ఫోనును బాగుచేయించడమే మానుకుంటారు. సంకోచించనక్కరలేదు. షరతులు పెట్టాలి. జగదీశ్ మార్కెటు అయినా, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు అయినా, పెద్ద సంస్థ అయినా, ఫోను ఐఎంఈఐ నంబరు గానీ, డిస్క్ సీరియల్ నంబరు గానీ వేసి రసీదు తీసుకోవాలి. పరీక్షకు ఎంత, పని జరిగితే ఎంత, జరగకపోతే ఎంత అన్నది ముందే రాయించుకోవాలి. వీలైతే ఎదుట కూర్చొని పని చేయించుకోవాలి. సమాచారం మన చేతికి వచ్చిన తరువాత వారి వద్ద ఉన్న నకలును చెరిపివేయమని కోరాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువు అమానత్ అన్న మాట మన దుకాణదారులకు కొత్తగా నేర్పనక్కరలేదు.

దాడికి గానీ, కూల్చివేతకు గానీ సాక్ష్యమైన వీడియో పగిలిన ఫోనులో చిక్కుకున్నదనుకోండి. అప్పుడు వీధి దుకాణానికి పోరాదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ధ్రువపత్రం జతపరచాలి. అందులో ‘హాష్’ విలువ చూపాలి. ఆ ఫైలులో ఒక్క చుక్క మారినా మారిపోయే వేలిముద్ర వంటి సంఖ్య అది. ఎవరు ముట్టారో, ఎప్పుడు ముట్టారో తెలియని ఫోనులోని వీడియో మీద ఎదుటి వకీలు సులభంగా సందేహం రేపగలడు. న్యాయవాది సలహాతో, ఫిర్యాదుతోపాటు ఫోనును అప్పగించి, ఫోరెన్సిక్ పరీక్షకు పంపమని రాతపూర్వకంగా కోరాలి. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రామంతాపూర్‌లో కేంద్ర ప్రయోగశాల మన నగరంలోనే ఉన్నాయి.

గుమాస్తాగా నా అనుభవం చెప్పే మాట మరొకటి ఉంది. వేల రూపాయలు పోసి రాబట్టడానికి పూనుకొనే ముందు, పోయినవాటిని రెండు జాబితాలుగా రాయండి. మళ్లీ దొరికేవి ఒక జాబితా. రిజిస్టరైన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకృత నకలు దొరుకుతుంది. జనన ధ్రువపత్రం, మార్కుల జాబితా మళ్లీ ఇస్తారు. నిజాం కాలపు రికార్డులు కొన్ని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డిజిలాకరులో జారీ అయిన పత్రాలకు అసలుతో సమానమైన చట్టబద్ధత ఉంది. మళ్లీ దొరకనివి రెండో జాబితా: చనిపోయిన తల్లి గొంతు, చేతిరాత లెక్కల ఫొటోలు, సాక్ష్యపు వీడియోలు. డబ్బు రెండో జాబితాకు ఖర్చు పెట్టండి. మొదటి జాబితాకు ఒక అర్జీ, కొంత ఓపిక చాలు.

ఇదంతా ఒక్కొక్క కుటుంబం తనకు తానే చేసుకోవలసినదిగా వదిలివేయడం న్యాయం కాదు. ప్రతి మస్జిద్ కమిటీ నెలకు ఒక ఆదివారం కేటాయించి, బస్తీ కుటుంబాల పత్రాలను స్కాన్ చేయించి, రెండేసి పెన్ డ్రైవ్‌లలో వారి చేతికే ఇచ్చి, ఒకటి బంధువుల ఇంట ఉంచమని చెప్పవచ్చు. కమిటీ తన సొంత పత్రాలను మూడు చోట్ల ఉంచాలి. ఈ అద్దాల మేడలలో పనిచేసే మన యువకులు తమ ఉద్యోగంలో రోజూ పాటించే నియమాన్ని బస్తీకి తీసుకువస్తే చాలు. కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు. ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇచ్చింది. కేసుకు అవసరమైన సమాచారం చెడిన ఫోనులో ఉన్నప్పుడు, దానిని రాబట్టే ఖర్చును కూడా ఆ సహాయంలో భాగంగా పరిగణించాలి. వరద నష్టపరిహారపు లెక్కలలో మునిగిన పత్రాలను, ఫోన్లను చేర్చాలి.

మళ్లీ వానాకాలం రాకముందే ఈ పని మొదలు కావాలి. ఈ నెలలోనే మీ మస్జిద్ కమిటీని ఒక్క ప్రశ్న అడగండి: మన ఖబ్రస్తాన్ కాగితాలు ఎన్ని చోట్ల ఉన్నాయి? ‘ఒక్కచోట’ అని జవాబు వస్తే, రెండో చోటు చూపే బాధ్యతను మీరే తీసుకోండి.