నడుంలోతు నీళ్లలోంచి చూస్తే

సాల్మన్ వేటకు వాడే ఫ్లై లైన్ల పెట్టెల మీద అందరూ చెప్పుకునే గొప్ప ఒకటే: ఇంకాస్త దూరం పోతుంది. ఆ దూరం ఎవరికి కావాలన్నదే నా ప్రశ్న. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పుట్టింది రాజోలులో. ఇప్పుడు స్కాట్లాండ్‌లో, స్పే నదికి దగ్గర్లోని ఎల్గిన్‌లో మత్తు డాక్టర్ని. డ్యూటీ లేని శనివారాలు ఆ నదిలోనే గడుస్తాయి. ఆదివారం సాల్మన్ పట్టడం స్కాట్లాండ్‌లో చట్టవిరుద్ధం. ఈ సంగతి డ్యూటీ చార్టు వేసేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. ఆరడుగుల మనిషి మోకాలిలోతు నీళ్లలో నిలబడి విసిరి భేష్ అన్న లైను, నడుందాకా దిగిన నా చేతిలో మొండికేస్తుంది. కాబట్టి లైను కొనేటప్పుడు ముందు చూసుకోవలసింది మనం నిలబడే చోటుని. ఎంత దూరం పోతుందన్నది ఆ తర్వాతి మాట.

ఈ వేట గురించి వినని వాళ్లకు నాలుగు ముక్కలు. మన కాలవగట్టు గేలంలో సీసం బరువు ముందుకు పోతే దారం దాని వెంట పోతుంది. ఇక్కడ తిరకాసు. ఈకలూ వెంట్రుకలూ కట్టిన కొక్కెం, అంటే ఫ్లై, దాదాపు బరువు లేనిది. బరువంతా లైనులో ఉంటుంది. రాడ్‌ని వంచేదీ, ఫ్లైని మోసుకుపోయేదీ అదే. మామూలుగా లైన్‌ని ముందు వెనక్కి విసిరి, తర్వాత ముందుకు కొడతారు. స్పే గట్ల మీద వెనక చెట్లు, నిటారు ఒడ్డు. 19వ శతాబ్దంలో అక్కడి వేటగాళ్లు వేరే దారి కనిపెట్టారు. రెండు చేతులతో పట్టుకున్న పొడుగాటి రాడ్‌తో లైన్‌ని నీళ్ల మీంచి లేపి, కొస మాత్రం నీటిని పట్టుకుని ఉండేలా పక్కన దించి, రాడ్ వెనక సగం గుండ్రంగా వంపు తిప్పి, ఆ వంపు బరువుతోనే ముందుకు కొట్టడం. దాన్నే స్పే కాస్టింగ్ అంటారు. ఇందులో నీటి పట్టు లేకపోతే విసురే లేదు. అందుకే దుకాణం వెనక పచ్చిక మీద రాడ్ ఊపి చూపించి, చూశారా ఎలా పోయిందో అనే అమ్మకందారుని నేను నమ్మను.

మొదటి గందరగోళం అంకెలది. రాడ్ మీద 9 అని ఉంటే 9 లైన్ కొంటారు. ఒంటిచేతి రాడ్ల పాత పట్టిక ప్రకారం 9వ నంబరు లైన్ మొదటి 30 అడుగుల బరువు 240 గ్రెయిన్లు, అంటే 15.5 గ్రాములు. అదే 9వ నంబరు రెండుచేతుల రాడ్‌కి కావలసిన బరువు దానికి రెండింతలు దాటుతుంది. పధ్నాలుగడుగుల రాడ్‌కి 36 గ్రాముల హెడ్ మామూలే. హెడ్ అంటే లైన్‌లో బరువున్న ముందు భాగం. దాని వెనక ఉండే సన్నటి తీగను రన్నింగ్ లైన్ అంటారు. పొట్టి హెడ్‌కి ఒక బరువు, పొడుగు హెడ్‌కి ఇంకో బరువు, పెట్టె మీద మాత్రం అదే 9. మందు మోతాదు మనిషి బరువుని బట్టి లెక్కగట్టే వృత్తి నాది. రోగి పెద్దవాడేనండీ అని చెబితే మందు ఎక్కించను కదా. అలాగే 9 అన్న ఒక్క అంకె చూసి లైన్ కొనను, గ్రాములు అడుగుతాను.

అసలు గొడవ పొడవుతో. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ నది పేరు పెట్టుకున్న హెడ్లు ఇరవై, పాతిక అడుగులు ఉంటాయి. పొట్టిగా, లావుగా, బరువుగా. స్కాండీ హెడ్లు 30 నుంచి 40 అడుగులు. పై చేతిని కదలనివ్వకుండా కింది చేత్తో లాగి విసిరే పద్ధతిని స్వీడన్‌కి చెందిన యోరన్ అండర్సన్ ప్రచారంలోకి తెచ్చాక ఇవి ఊపందుకున్నాయి. మధ్యరకానివి 50, 60 అడుగులు. ఆ పైన పాతకాలపు పొడుగు లైన్లు.

పొడుగు హెడ్‌కి ఒక సుఖం ఉంది. ఫ్లై నదిని అడ్డంగా కోసుకుని ఒడ్డుకి చేరాక కాస్త లాగి, లేపి, మళ్లీ విసిరెయ్యొచ్చు. పొట్టి హెడ్ అయితే ప్రతి విసురుకీ రన్నింగ్ లైన్‌ని గజాల కొద్దీ లోపలికి లాక్కుని వేళ్లకి చుట్టలుగా పట్టుకోవాలి. ఫిబ్రవరి 11న స్పే సీజన్ మొదలవుతుంది. ఆ చలిలో తడి వేళ్లతో ఆ పని చేసినవాళ్లకి తెలుస్తుంది, పెద్దలు పొడుగు లైన్లని ఎందుకు వదలరో. రాడ్ రింగుల్లో మంచు గడ్డకట్టిన పొద్దున సన్నటి రన్నింగ్ లైన్ కదలనే కదలదు.

ఇంత సుఖమున్నా అది నాకు పనికిరాదు. నడుందాకా దిగితే రాడ్ కొస కూడా అంత కిందికి దిగుతుంది. అరవై అడుగుల హెడ్‌ని నీటిలోంచి ఊడదియ్యడానికి నాకు ఎత్తు చాలదు. పొడుగు హెడ్‌కి వెనక పెద్ద వంపు కావాలి, నా వెనక మూడు గజాల్లో తుమ్మ పొదల్లాంటి గోర్స్ ముళ్లు. అందుకని నాది 13 అడుగుల రాడ్, 38 అడుగుల తేలే హెడ్, దాని చివర రాడ్ అంత పొడవు లీడర్, అంటే ఫ్లైని కట్టే సన్నటి దారం. గాలి నది వాలుకి వీస్తుంటే ఫ్లై నాకు దిగువ పక్కన ఉండేలా డబుల్ స్పే అనే విసురు వేస్తాను. గాలి ఎదురుతిరిగితే ఎగువ పక్కకి తెచ్చి సింగిల్ స్పే. ఈ నియమం తప్పితే కొక్కెం చెవిలో దిగుతుంది. అలా దిగినవాళ్లు మా ఎమర్జెన్సీకి వస్తుంటారు.

స్కాజిట్ హెడ్ల మీద నాకు కోపం లేదు. నీళ్లు పోటెత్తిన మార్చిలో, చల్లటి అడుగున కదలకుండా పడుకున్న చేప ముందుకి బరువైన ఫ్లైని దించాలంటే అదే సరైన పనిముట్టు. అడుగుకి 14 గ్రెయిన్ల బరువుండే టీ-14 మునిగే కొసని తేలిక లైన్ మోయలేదు. కానీ జూన్‌లో అద్దంలా తేరిన పలచటి నీళ్ల మీద అదే హెడ్‌ని దభీమని పడేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. వాళ్లకి దొరికేది దూరమే. పక్క నది డీ మీద, కెయిర్న్‌టన్‌లో, గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆర్థర్ వుడ్ అనే ఆయన పట్టు లైన్‌కి గ్రీజు పూసి తేలేలా చేసుకున్నాడు. నీళ్లు వెచ్చబడ్డాక చేప పైకి లేచి చిన్న ఫ్లైని అందుకుంటుందని గమనించి చేసిన పని అది. గజాలు పెంచుకుందామని కాదు.

దూరపు పిచ్చి వల్ల జరిగే ఇంకో చెరుపు, జనం లోతుకి దిగడం. స్పే వడి గల నది, అడుగున గులకరాళ్లు జారుతుంటాయి. చాలాసార్లు చేపలుండేది మన కాళ్ల దగ్గరే. వాటి ఇంట్లోకి నడిచి వెళ్లి, అవతలి ఒడ్డుకి విసురుతాం. మోకాలిలోతులో ఆగి పాతిక గజాలు తిన్నగా వెయ్యగలిగే లైన్, మనల్ని నడుందాకా లాక్కుపోయే లైన్ కన్నా ఎక్కువ చేపల్ని చూపిస్తుంది. మగవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మానె.

చేపలా, అవెక్కడున్నాయి ఇప్పుడు? 2023లో స్కాట్లాండ్ మొత్తం మీద గేలానికి పడిన సాల్మన్ సుమారు 33 వేలు. 1952లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. అందులో 90 శాతానికి పైగా తిరిగి నదిలోకే పోయాయి. మార్చి నెలాఖరు దాకా పట్టిన ప్రతి సాల్మన్‌నీ వదిలెయ్యాలని చట్టం. ఫోన్‌లో మా నాన్న "చేప పడిందా అమ్మా?" అంటారు. పడింది, వదిలేశాను అంటే కాసేపు మాట్లాడరు. పులస తిన్న నోరు. "దానికేనా అంత ఖర్చు?" అని గొణుగుతారు.

ఖర్చు మాటకొస్తే, రాడ్‌కి వెయ్యి పౌండ్లు పోసి లైన్ దగ్గర బేరాలాడేవాళ్లే ఎక్కువ. రోజంతా విసిరి ఒక్క చేపా ముట్టని రోజులే ఎక్కువైనప్పుడు, ఆ రోజుని నిలబెట్టేది ఒక్కో విసురులో ఉండే హాయి. అది లైన్‌లో ఉంది. కొత్తగా మొదలుపెట్టే మన పిల్లలు అబర్డీన్‌లోనో ఇన్వర్‌నెస్‌లోనో ఉండి అడిగితే నేను చెప్పేది ఇది: చవక రాడ్ కొనుక్కోండి, మంచి లైన్ కొనండి. కొనేముందు గిల్లీని, అంటే నది దగ్గర వేట చూపించే మనిషిని, బతిమాలి రెండు మూడు రకాలు నీళ్ల మీద వేసి చూడండి. మీరు ఎప్పుడూ నిలబడే లోతులోనే నిలబడి వెయ్యండి.

కంపెనీలకూ ఒక విన్నపం. గ్రాములూ హెడ్ పొడవూ కొందరు ఇప్పటికే అచ్చేస్తున్నారు, సంతోషం. దూరం రాసే చోట, విసిరి చూసిన మనిషి ఎత్తెంత, ఎంత లోతు నీళ్లలో నిలబడ్డాడు అన్నవి కూడా రాయండి.