ఉచితం అంటే విలువ లేదని కాదు



'ఐ' తర్వాత ఎర్రటి హృదయం గుర్తు, కింద 'ఎన్‌ వై' ఉన్న టీషర్టులు మీరూ చూసే ఉంటారు. 1977లో ఆ లోగో ఇచ్చిన మిల్టన్ గ్లేజర్ అప్పటికే పేరున్న డిజైనర్. అయినా దానికి ఫీజు తీసుకోలేదు. అప్పులతో, నేరాలతో న్యూయార్క్ కుంగిపోయిన రోజులవి. పుట్టి పెరిగిన ఊరికి ఆయన ఇష్టపడి ఇచ్చిన కానుక అది.

నమ్మిన మంచి పని కోసం చాలామంది డిజైనర్లు ఇలా ఉచితంగా చేస్తారు. కానీ వాళ్లు ఇవ్వడం వేరు, మనం అడగడం వేరు. వార్షికోత్సవం వస్తే, "మీకు రెండు నిమిషాల పనే కదండీ, ఒక బ్యానర్ డిజైన్ చేసి పెట్టండి" అని తోటి పేరెంట్‌ని తేలిగ్గా అడిగేస్తాం. షామియానా వాళ్లకు, సౌండ్ సిస్టమ్ వాళ్లకు మాత్రం అడ్వాన్సు ఇస్తాం. పక్కనే ఉన్న పిల్లలు ఇదంతా గమనిస్తారు. బొమ్మలంటే ప్రాణమిచ్చే పాప, తనకు నచ్చిన పనికి విలువ లేదని ఆ రోజే నేర్చుకుంటుంది.

కొందరు డిజైనర్లు ఉచితంగా చేసినా బిల్లులో అసలు ధర రాసి, కింద పూర్తి తగ్గింపు చూపిస్తారు. మంచి పద్ధతి. ఈసారి మనమే ముందు ఫీజు ఎంతని అడుగుదాం. వద్దంటే, వేదిక మీద వారి పేరు చెప్పి, పిల్లల ముందే కృతజ్ఞతలు తెలుపుదాం.