బోర్డు మారింది సరే, లోపలి కుర్చీ ఎటు పోయింది?

ఏలూరు దాటి తాడేపల్లిగూడెం వైపు వస్తుంటే గుండుగొలను తగులుద్ది. ఎన్నిసార్లు బండి మీద ఆ వూరు దాటిపోయుంటామో! తెలుగోళ్ల సొంత బ్యాంకు అనిపించుకున్న ఆంధ్రా బ్యాంకుని పెట్టిన మనిషి పుట్టింది అక్కడే. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, 1880లో.

మన వూళ్లల్లో పెద్దోళ్లు ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకి ఎల్లొస్తా" అనే అంటారు. బోర్డు మీద మాత్రం యూనియన్ బ్యాంకు అని ఉంటది. 2019 ఆగస్టు 30న కేంద్రం విలీనం ప్రకటించింది, 2020 ఏప్రిల్ 1న అయిపోయింది. అప్పుడు లాక్‌డౌన్. జనం ఇళ్లల్లో ఉన్నారు, బ్యాంకు పేరు పోయింది.

పేరు పోయిందని ఏడుపు కాదండీ నాది. ఆ బ్యాంకు మూడు ఇళ్లు మారింది. ఆ కథ తెలిస్తే అసలు పోయిందేంటో అర్థమవుద్ది.

మొదటి ఇల్లు బందరు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టాలో వరి విరగపండింది. పంట ఉంది గానీ పెట్టుబడికి డబ్బెక్కడిది? కాకినాడ రేవులో మద్రాసు బ్యాంకు బ్రాంచి ఉండేది. అది ఎగుమతుల వ్యాపారం చేసే కంపెనీల కోసం. (ఆ మద్రాసు బ్యాంకే 1921లో ఇంపీరియల్ బ్యాంకులో కలిసి, 1955లో స్టేట్ బ్యాంకయ్యింది.) రైతుకి దిక్కు షావుకారు, ప్రామిసరీ నోటు, వడ్డీ. బందరులో డాక్టరుగా ఉన్న పట్టాభి గారు ప్రాక్టీసు వదిలేసి ఉద్యమంలోకి దిగారు. మన డబ్బు మన చేతిలో లేకపోతే స్వరాజ్యం వచ్చినా సగమే అనుకున్న తరం అది. 1923 నవంబర్‌లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో బందరులోనే బ్యాంకు తెరిచారు. అప్పు ఎవరికివ్వాలో తేల్చే కుర్చీ బందరులోనే ఉండేది. అడిగేవాడూ, ఇచ్చేవాడూ ఒకే నేల మనుషులు.

రెండో ఇల్లు హైదరాబాదు. హెడ్డాఫీసు అక్కడికెళ్లింది, సైఫాబాద్‌లో దాని పేరు డాక్టర్ పట్టాభి భవన్. 1980 ఏప్రిల్ 15న బ్యాంకు జాతీయమైంది. కుర్చీ దూరమైంది గానీ, అందులో కూర్చున్నోళ్లకి దాళ్వా అంటే ఏంటో, సార్వా ఎప్పుడు మునుగుద్దో చెప్పక్కర్లేదు.

మూడో ఇల్లు ముంబై. ఇప్పుడు పెద్ద నిర్ణయాలన్నీ అక్కడే.

విలీనం అంటేనే తప్పని నేననను. చిన్న బ్యాంకులు కూలితే మునిగేది డిపాజిట్ దాచుకున్న పేదోడే. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు అలాగే కూలింది. ఆ తర్వాత దేశమంతా చిన్న బ్యాంకుల్ని పెద్దోటిలో కలిపారు. ఆంధ్రా బ్యాంకు కూడా 1964లో భారత లక్ష్మీ బ్యాంకుని కలుపుకున్నదే. అది కూడా బందరుదే! అంటే కలపడం కొత్త కాదు. కలిపాక మన గోడు వినే చెవి దగ్గర్లో మిగిలిందా లేదా అన్నదే లెక్క.

ఇప్పుడు గ్రామీణ బ్యాంకు సంగతి చూడండి. మన గోదావరి గ్రామీణ బ్యాంకు 2006లో చైతన్య గ్రామీణ బ్యాంకుతో కలిసి చైతన్య గోదావరి అయ్యింది. 2025 మే 1న రాష్ట్రమంతటికీ ఒకటే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అన్నారు. పేరులోంచి గోదావరి కూడా పోయింది.

ఇందులో నలిగేది కౌలు రైతు. డెల్టాలో దుక్కి దున్నేవాడొకడు, పాసుపుస్తకం ఇంకొకడిది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశమంతా తిరిగి చూసేలా చేశారు. 2019 చట్టం కౌలు రైతుకి సాగు హక్కు కార్డు ఇస్తానంది గానీ, భూమి యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే పొలం పోద్దేమో అని యజమాని భయం. కార్డు లేనోడి ముఖం చూసి, "ఈడు పదేళ్ల నుంచి ఈ చేను చేస్తున్నాడు" అని చెప్పగలిగేది వూరెరిగిన మేనేజరే. దూరాన ఉన్న కంప్యూటరుకి ఆ ముక్క తెలవదు.

మరి మనమేం చేయాలి? 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ ముక్క మీ నాన్నకి చెప్పండి. బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి వెళ్లాలన్నది కూడా రిజర్వు బ్యాంకు రూలే. అందులో కౌలు రైతుకి ఎంత వెళ్లిందో ప్రభుత్వ బ్యాంకుని సమాచార హక్కు కింద అడగొచ్చు. కలెక్టరు అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల సమావేశంలో ఆ లెక్క బయటపెట్టమని మన నాయకుల్ని పట్టుకోండి.

అదే విలీనంలో కలిసిన ఇంకో బ్యాంకు కార్పొరేషన్ బ్యాంకు. అది 1906లో ఉడుపిలో పుట్టింది. దాన్ని పెట్టిన హాజీ అబ్దుల్లా గారి ఇంటిని మ్యూజియం చేసి నిలబెట్టుకున్నారు అక్కడోళ్లు. బందరుకీ, గుండుగొలనుకీ ఆపాటి గౌరవం దక్కాల్సిందే. అయితే గోడలు కాపాడుకుని దండ వేసినంత మాత్రాన పని అయిపోదు. పట్టాభి గారు కట్టింది గోడలు కాదు కదండీ, రైతు నిలబడి అడగ్గలిగే ఒక కౌంటరు. ముందు దాన్ని మళ్లీ తెరిపించుకోవాలి.